తోడికోడలిని అమ్మిన సీజన్

మా టీములో మొదట ఆడినవాళ్లలో ఒక్కరిని కూడా ఎవరూ కొనలేదు. మేమంతా పిల్లల్ని సాకర్ ప్రాక్టీసుకి దింపడానికి వచ్చి, మడత కుర్చీలు వేసుకుని, వాళ్ల నీళ్ల సీసాలకి కాపలా కాసే తల్లులం. దేశం కాని దేశంలో మేముంటున్న శాన్ రామన్‌లో ఆ పార్కు పక్కనే ఇంకో చిన్న మైదానం ఖాళీగా పడి ఉండేది. ఒక సాయంత్రం మా తోడికోడలు కుర్చీలోంచి లేచి, "కూసోని కూసోని నడుం పట్టింది. రా అక్కా" అని పిల్లల సంచీలోంచి ఒక పాత బంతి తీసి తన్నింది. కాలికి చెప్పులే ఉన్నాయి. బంతి కన్నా చెప్పే ఎక్కువ దూరం పోయింది. మేం పడీ పడీ నవ్వాం. మా క్లబ్ పుట్టుక అదీ.

తోడికోడలంటే మా మరిది భార్య. మాది రాజమండ్రి, ఆమెది కరీంనగర్. మేం తోడికోడలంటాం, వాళ్లు యారాలంటారు. ఏ మాట వాడినా జనం మాత్రం ముందు పోట్లాటే ఊహించుకుంటారు. మా మధ్య పోట్లాటలు లేవని నేను అబద్ధం చెప్పను. "మీ గోదారోళ్లు విడిచిపెడితే నీళ్లల్ల గూడ బెల్లమేస్తరు" అని ఆమె, "మీ పచ్చడి తింటే చెవుల్లోంచి పొగొస్తుంది" అని నేను. మా ఇళ్లు పక్కపక్క వీధుల్లో ఉండేవి. అన్నదమ్ములిద్దరూ ఆదివారం భోజనాల దగ్గర ముక్తసరిగా మాట్లాడుకుంటుంటే, మేమిద్దరం వంటింట్లో మాట్లాడుకునే మాటలకి కుక్కర్ కూతలు కూడా వినపడేవి కావు.

స్కూల్లో ఆమె ఖోఖో ఆడేదట. అందుకే పరుగులో ఉన్నట్టుండి ఎడమ పక్కకి తిరిగేది. ఎదురుగా ఉన్నవాళ్లు కుడివైపు రెండడుగులు వేశాక గానీ తాము మోసపోయామని తెలుసుకునేవారు కాదు. నన్ను గోల్‌లో నిలబెట్టింది కూడా ఆమే. "నువ్వెట్లాగు ఉరుకవు. గోల్‌ల నిలబడు. నువ్వు నిలబడితే సగం గోల్ కనబడది" అంది. ఆ మాటకి నేను చాలా రోజులు ముఖం మాడ్చుకున్నాను. కానీ నిలబడ్డాను. ఇప్పటికీ అక్కడే నిలబడుతున్నాను.

ఇంగ్లండ్ మ్యాచ్‌లు మాకు శనివారం పొద్దున కాఫీ వేళకి వస్తాయి. మగవాళ్లు ఇంకా పడకల మీదే ఉండేవాళ్లు. ఆమె తడి జుట్టుతో, చేతిలో టీ కప్పుతో వీధి దాటి వచ్చేసేది. మా సోఫాలో కిటికీ వైపు మూల ఆమెది. మేం ఒక క్లబ్‌ని అభిమానించేవాళ్లం. దాని పేరు రాయను, దాని మీద నాకింకా కోపం తీరలేదు. అభిమానానికి కారణం అందులో ఆడే ఒక కుర్రాడు. వాళ్ల స్టేడియం పక్క వీధిలోనే పుట్టాడట. పాలపళ్లు ఊడకముందే ఆ క్లబ్‌లో చేరాడట. వాడు గోల్ కొడితే చొక్కా మీద క్లబ్ గుర్తుని ముద్దు పెట్టుకునేవాడు. అది చూసి మా తోడికోడలు ప్రతిసారీ "సక్కనోడు" అనేది.

ఆ సక్కనోణ్ణి ఒక వేసవిలో అమ్మేశారు.

ఆమెకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. బాగా ఆడేవాడు, జనానికి ఇష్టమైనవాడు, వెళ్తానని అడగనివాడు. బోలెడు పోసి కొనుక్కొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టిన వాళ్లుండగా వీణ్ణెందుకు అమ్మడం? మా స్నేహితురాలి భర్త ఒకాయన ఆడిటర్. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒక విందులో పట్టుకుని అడిగితే సమోసా పక్కన పెట్టి మరీ చెప్పాడు. క్లబ్బులు ఆదాయాన్ని మించి ఖర్చు పెట్టకూడదని రూలుందట. కొన్న ఆటగాడి ఖరీదుని కాంట్రాక్టు ఉన్నన్నేళ్లకీ పంచి రాస్తారట. మధ్యలో అమ్మితే, ఇంకా రాయకుండా మిగిలిన ఖరీదు తీసేశాకే లాభం. ఇంట్లో పెరిగిన కుర్రాణ్ణి ఎక్కడా కొనలేదు కాబట్టి లెక్కల్లో వాడి ఖరీదు సున్నా. అమ్మితే వచ్చిందంతా లాభమే.

"అంటే, ఎత్తుకొని పెంచినోడు గాబట్టే ముందుగాల వాన్నే అమ్ముడా?" అంది మా తోడికోడలు.

"కరెక్ట్‌గా పట్టుకున్నావమ్మా" అన్నాడు ఆడిటర్ గారు, తెలివైన శిష్యురాలు దొరికినట్టు సంతోషపడుతూ.

ఇంటికొస్తూ కారులో ఆమె ఏడ్చింది. ఎవరో తెల్లకుర్రాడి కోసం ఏడుపేమిటే అని నేను వేళాకోళం చేశాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మా అమ్మ అంటుండేది. అమ్మకానికి మాత్రం అదే పనికొస్తుందని ఆ రోజే నాకు తెలిసింది.

మరుసటి సీజన్‌లో ఆ కుర్రాడు కొత్త చొక్కాలో పాత క్లబ్ మీద గోల్ కొట్టాడు. కొట్టి, పరిగెత్తలేదు, అరవలేదు. రెండు చేతులూ పైకెత్తి, క్షమించండి అన్నట్టు అరచేతులు చూపించి, తల దించుకుని నడిచాడు. పాత ఇంటి మీద కొడితే సంబరం చేసుకోకూడదని వాళ్లలో ఒక మర్యాద.

"ఇదేం చావు మర్యాద! కొట్టినవాడు ఎగరాలి గానీ" అన్నాను నేను.

"నేనైతే గట్ల చెయ్య. ఎప్పుడన్న నీ మీద గోల్ కొట్టిననే అనుకో, నీ ముందటనే బతుకమ్మ ఆడుత" అంది ఆమె. అని ఊరుకోలేదు. టీ కప్పు బల్ల మీద పెట్టి, నడుం వంచి, చప్పట్లు కొడుతూ మా సోఫా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అంతకుముందు దసరాలప్పుడు ఇక్కడి స్కూలు హాల్లో నాకు బతుకమ్మ అడుగులు నేర్పింది ఆమే. వంగాలి, చప్పట్లు కొట్టాలి, లేస్తూ ఒక అడుగు పక్కకి వెయ్యాలి. నేను వంగితే లేవలేకపోతున్నానని హాలంతా నవ్వించింది.

ఈలోగా మా తల్లుల ఆట కాస్తా లీగ్ అయి కూర్చుంది. చుట్టుపక్కల ఊళ్లు ఫ్రీమాంట్ నుంచి, డబ్లిన్ నుంచి, సన్నీవేల్ నుంచి టీములొచ్చాయి. తమిళం వాళ్లు, గుజరాతీలు, మలయాళీలు, మనవాళ్లు. మనవాళ్లు పదిమంది కలిస్తే ముందు ఒక కమిటీ పుడుతుంది, తర్వాత ఒక వాట్సాప్ గ్రూప్, ఆ తర్వాత స్పాన్సర్. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లు మా జెర్సీల వెనక తమ ఫోటోలు అచ్చు వేయించుకున్నారు. ఫ్రీమాంట్ టీముకి దొరికిన ఏజెంటు మరీ ఘనుడు. ఆయన డబ్బుతో వాళ్లు కాలేజీల్లో ఆడొచ్చిన అమ్మాయిల్ని తెచ్చి దించారు. పిల్లల్ని కన్న నడుములతో మేం, జింకల్లాంటి ఆ పిల్లలతో ఏం ఆడతాం? గోల మొదలైంది. "దీనికి రూల్స్ ఉండాలి" అన్నారందరూ.

రూల్స్ రాసింది ఆడిటర్ గారే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఇంగ్లండ్‌లో కోట్ల క్లబ్బులకి పెట్టిన నిబంధనలన్నీ తెచ్చి మిర్చిబజ్జీల స్టాల్‌తో బతికే మా తల్లుల లీగ్‌కి తగిలించాడు. టీము తన సంపాదనకి మించి ఖర్చు పెట్టకూడదు. మించితే కింది డివిజన్‌కి దిగాలి. ఒక టీము ఆటగత్తెని ఇంకో టీము తీసుకుంటే పాత టీముకి డబ్బు కట్టాలి. కొన్నవాళ్ల లెక్క ఒకరకం, సొంతంగా తయారైనవాళ్ల లెక్క ఇంకోరకం. అన్నీ అక్షరం పొల్లు పోకుండా దించాడు. మేమంతా సాఫ్ట్‌వేర్ వాళ్లం, రూల్ ఎంత చిక్కుగా ఉంటే అంత ముచ్చటపడతాం. చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాం. నేనూ కొట్టాను.

"అక్కా, మన ఖరీదు సున్నానట" అని ఆమె నా చెవిలో నవ్వింది.

ఆ శీతాకాలం వానల్లో మా మరిదీ ఆమే విడిపోయారు. ఎందుకో రాయను. అది నా సంగతి కాదు. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు, అసలు చిక్కంతా అదే. ఒకరు దుర్మార్గులైతే రెండోవాళ్ల పక్కన నిలబడడం సులువు. ఆమె డబ్లిన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి మారింది. పదేళ్ల పాప కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ.

మా ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఒకరోజు గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. "వాడు నా తమ్ముడు. వాడి ముఖం చూడలేకపోతున్నా. నువ్వు రెండు పడవల మీద కాళ్లు పెట్టకు."

"నేను ఏ పడవా ఎక్కలేదు. ఒడ్డునే ఉన్నాను. పడవ విరగ్గొట్టుకుంది మీవాళ్లు" అన్నాను. ఆయన గుడ్డ అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ తగ్గింది. మా మరిది వంతు వారాల్లో పాప వచ్చేది. వస్తూనే "పెద్దమ్మా" అని నడుం పట్టుకుని వేలాడేది. ఆ పిల్లకి నేను పెద్దమ్మనే. ఏ కోర్టూ ఆ పిలుపుని కొట్టెయ్యలేదు. కానీ ఆ పిల్లని కన్నతల్లికి నేనేమవుతాను? ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో ఆమెని పరిచయం చెయ్యబోయి, నన్ను చూసి, తడబడి, "వీళ్ల ఎక్స్... ఎక్స్ కో-సిస్టర్" అన్నారు. అందరూ కేకు వైపు తిరిగారు. ఆమె పేపర్ ప్లేట్ పట్టుకుని నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నేను నా కేకు ప్లేటు పక్కన పెట్టేశాను.

ఆ పార్టీ తర్వాత ఆమె మా వాళ్ల ఇళ్లకి రావడం మానేసింది. శనివారం పొద్దున మా సోఫాకీ రాలేదు. ఎలా వస్తుంది, హాల్లో మా మరిది పడుకుని ఉంటే? విడాకుల తర్వాత వాడు శనివారాలు మా ఇంట్లోనే గడిపేవాడు. నేను వాడికి ఉప్మా పెట్టేదాన్ని. వాడూ నాకు బిడ్డలాంటివాడే. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక ఆ క్లబ్‌ని తిట్టుకుంటూ మ్యాచ్ చూసేదాన్ని.

మాకు మిగిలింది ఆదివారం ప్రాక్టీస్ ఒక్కటే. "ఆమెని కలవడానికి వెళ్తున్నా" అంటే మా ఇంట్లో గాలి బిగుసుకుంటుంది. "ప్రాక్టీస్‌కి వెళ్తున్నా" అంటే ఎవరూ ఏమీ అనరు. అందుకని మేమిద్దరం అందరికన్నా ముందే చేరేవాళ్లం. ఆమె కారులో కూర్చుని ఫ్లాస్క్‌లో టీ తాగేవాళ్లం. ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కూడా కాదు. పాపకి పళ్లకి వైర్లు వేయించాలని, ఆఫీసులో లేఆఫ్‌లున్నాయని, అపార్ట్‌మెంట్‌లో పైవాళ్లు తెగ నడుస్తారని. ఒకసారి మాత్రం, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, అద్దంలోంచి తడి గడ్డిని చూస్తూ అంది.

"అక్కా, అన్నీ తీస్కపోనీ. ఇల్లు పోనీ, బంధువులు పోనీ. ఈ టీమ్ ఒక్కటి ఉండనీ నాకు."

"టీము ఎక్కడికి పోతుందే" అన్నాను.

మా కెప్టెన్ పళ్ల డాక్టరు. మంచి మనిషి, కానీ ఓటమి అంటే ఒళ్లంతా కంపరం. ఫ్రీమాంట్ వాళ్లకి దీటుగా ఉండాలని దీపాలున్న టర్ఫ్ మైదానం అద్దెకి తీసుకుంది. జీతమిచ్చి కోచ్‌ని పెట్టింది. సన్నీవేల్ టీము నుంచి ఇద్దరమ్మాయిల్ని కొంది. అన్నీ స్పాన్సర్ భరోసాతోనే. వడ్డీలు పెరిగి ఇళ్లు అమ్ముడుపోవడం తగ్గేసరికి మా ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మమ్మల్నందర్నీ కెప్టెన్ తన ఇంటి పెరట్లోకి పిలిచింది. ఆడిటర్ గారు లీగ్ తరఫున వచ్చి కూర్చున్నాడు. కొత్త సీజన్ రిజిస్ట్రేషన్ ముగిసేలోగా లోటు పూడకపోతే టీము కింది డివిజన్‌కి.

"దానికేముంది, తలా కొంత వేసుకుందాం" అన్నాను నేను. చాలామంది తలూపారు. అక్కడున్న ఏ తల్లికీ అది పెద్ద మొత్తం కాదు.

"కుదరదండీ. మీరు జేబులోంచి వేస్తే అది లోటు పూడ్చడం అవుతుంది, ఆదాయం అవదు. అలా ఒప్పుకుంటే డబ్బున్న టీమే ఎప్పుడూ గెలుస్తుంది. రూల్ పెట్టిందే అందుకు" అన్నాడు ఆడిటర్ గారు.

"మా డబ్బు మా టీముకి మేం పెట్టుకోవడం నేరమా?"

"నేరం కాదు. లెక్కలోకి రాదు."

కొన్న ఇద్దరిలో ఒకర్ని వెనక్కి అమ్ముదామని ఎవరో అన్నారు. వాళ్లని తెచ్చి ఎన్నాళ్లో కాలేదు, ఖరీదంతా ఇంకా మా నెత్తి మీదే ఉంది, అమ్మినా మిగిలేదేమీ లేదన్నాడు. బజ్జీల స్టాల్ ఇంకో రెండు పెడదామంటే రిజిస్ట్రేషన్ లోపల పండగేదీ లేదు. అప్పుడు కెప్టెన్ గొంతు సవరించుకుంది. ఫ్రీమాంట్ వాళ్లు ఒకరిని అడుగుతున్నారని, మంచి రేటే ఇస్తామంటున్నారని చెప్పింది. ఎవరిని అని ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఎడమకి తిరిగి గోల్ కొట్టేది మాలో ఒక్కతే. కొనకుండా వచ్చింది కాబట్టి వచ్చిందంతా లాభమే.

నాకు ఒళ్లు మండిపోయింది. "మనుషులా, సామానా? ఆమె చెప్పు విసిరితే పుట్టింది ఈ టీము! ఆమెని అమ్మి దీపాల కింద ఆడతారా? సిగ్గుండాలి. కింది డివిజన్‌లో ఆడదాం, ఏం, కాళ్లు విరుగుతాయా? మనమేమన్నా ప్రపంచకప్ ఆడుతున్నామా?" ఇంకా చాలా అన్నాను. పక్కింటివాళ్ల కుక్క మొరగడం మొదలుపెట్టింది.

"ఎమోషనల్ అవ్వకండి" అంది కెప్టెన్. "తన ఇష్టం లేకుండా ట్రాన్స్‌ఫర్ జరగదు. రూల్స్‌లోనే ఉంది. తను నో అంటే నో."

అంతే, అందరూ ఆమె వైపు తిరిగారు. ఎవరూ కోపంగా చూడలేదు. జాలిగా, ఆశగా, కాస్త తొందరగా చూశారు. ఆమె పేపర్ ప్లేట్‌లో సమోసాని వేలితో చిదుపుతోంది. అందులోని బఠాణీలన్నీ ఏరి ఒక పక్కకి పెట్టింది. నేను నో అనవే, నో అను అని మనసులో మొక్కుకుంటున్నాను.

"పోతా" అంది. "మంచిగనే ఉంటది, నాకు దగ్గర గూడ."

దగ్గరేమీ కాదు. డబ్లిన్‌కి శాన్ రామన్ పక్క ఊరే, ఫ్రీమాంట్ కొండ దాటి పోవాలి. అది అక్కడున్న అందరికీ తెలుసు. అయినా అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో టీ పెడతామని లేచారు.

ఆమె కారు దగ్గరికి వెనకాలే వెళ్లి దాదాపు కొట్టినంత పని చేశాను. "ఎందుకొప్పుకున్నావే? ఈ టీమొక్కటి ఉండనీ అన్నది నువ్వు కాదూ?"

"అన్న."

"మరి?"

"నీకు అర్థం కాదక్కా. అందరు నా మొకం దిక్కు చూస్తున్నరు. ఇంట్ల గూడ గట్లనే చూసిన్రు. నేను ఉంటనంటే టీమ్ కిందికి వోతది. రేపు మ్యాచ్ ఓడినా నా వల్లనే, కోచ్ పోయినా నా వల్లనే. ఒక కొంప నా వల్ల కూలిందని మాట పడ్డ కదా. రెండోది గూడ పడలేను." కారు తలుపు తీసి, మళ్లీ ఆగింది. "నువ్వు గంత గట్టిగ ఒర్లితివి నా కోసం. నా కోసం ఒక్కలన్న ఒర్లిన్రు. నాకు గదే చాలు."

నాకు చాలలేదు. ఆమె మా మరిది ఇంట్లోంచి పెట్టెలు సర్దుకుని వెళ్లిన రోజు నేను ఏడవలేదు. పాప ఎదురుగా ఉందని, పెద్దదాన్నని బిగబట్టాను. ఆ కెప్టెన్ ఇంటి ముందు, డ్రైవ్‌వేలో, ఆమె నా చేతిలో పెట్టిపోయిన చిదిపిన సమోసా ప్లేటుతో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఇంటి మగవాళ్లే మమ్మల్ని కలిపారు, వాళ్లే విడదీశారు. మా అంతట మేం కట్టుకున్నది ఈ టీమొక్కటే. దాన్ని కూడా మా చేతులతోనే ఇచ్చేశాం.

కలుద్దామనే అనుకున్నాం. కాదనను. కానీ వాళ్ల ప్రాక్టీసూ ఆదివారమే, మాదీ ఆదివారమే. ఒక కాఫీ పాప జ్వరంతో వాయిదా పడింది, ఇంకోటి నా ఆఫీసు పనితో. శనివారం మ్యాచ్‌లప్పుడు ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఫోన్లలో తిట్లు రాసుకునేవాళ్లం. పోనుపోను తిట్లు తగ్గి బొటనవేళ్ల బొమ్మలు మిగిలాయి. తర్వాత పండగ శుభాకాంక్షలు మిగిలాయి, అందరికీ పంపేవే. అలా తగ్గుతున్నప్పుడు మనకి తెలియదు. ఒకరోజు ఫోన్ పైకి జరుపుకుంటూ వెళ్తే అన్నీ దీపాలూ పువ్వుల బొమ్మలే కనిపించాయి. నేను ఆ వారం నుంచి మ్యాచ్‌లు చూడడం మానేశాను.

మా టీము పై డివిజన్‌లోనే నిలిచింది. టర్ఫ్ దీపాలు వెలిగాయి. ఆమె నంబర్ చొక్కా సన్నీవేల్ అమ్మాయికిచ్చారు. ఆ పిల్ల తప్పేం లేదు గానీ నేను ఆ పిల్లకి సరిగ్గా బంతి విసిరేదాన్ని కాదు.

కొండలు పచ్చగా ఉన్న రోజుల్లో ఫ్రీమాంట్ టీము మా మైదానానికి వచ్చింది. అది మా మరిది వంతు వారం. పాప నాతోనే కారులో వచ్చింది. దిగుతూ అడిగింది, "పెద్దమ్మా, నేను ఏ సైడ్ కూర్చోవాలి?"

"మధ్యలో కూర్చో తల్లీ. గీత దగ్గర."

"అమ్మ గోల్ చేస్తే నేను క్లాప్ చెయ్యొచ్చా? నువ్వు సాడ్ అవుతావా?"

"గట్టిగా కొట్టు. నేనేం అవ్వను" అన్నాను.

ఆమె వచ్చింది. అందర్నీ కావలించుకుంది, నన్నూ. నన్ను కాస్త ఎక్కువసేపు. చిక్కింది. మా టీములో ఉన్నప్పుడు ప్రతి మ్యాచ్‌కీ సర్వపిండి రొట్టెలు చేసి డబ్బాతో తెచ్చేది, మేం లాక్కుని తినేవాళ్లం. ఈసారి డబ్బా వాళ్ల బెంచీ దగ్గర పెట్టింది. కాసేపటికి ఒక పేపర్ ప్లేటులో కొన్ని ముక్కలు సర్ది, పైన టిష్యూ కప్పి, మా బెంచీకి తెచ్చిచ్చింది. ఇరుగుపొరుగుకి ఇచ్చినట్టు. "థాంక్స్" అన్నారు మావాళ్లు. నేను ముట్టుకోలేదు.

రెండో సగంలో బంతి ఆమె కాళ్ల దగ్గరికొచ్చింది. సన్నీవేల్ పిల్ల కుడివైపు రెండడుగులు వేసి మోసపోయింది. నేను మోసపోలేదు. ఎడమకే తిరుగుతుందని నాకు తెలుసు. ఎన్నేళ్లు చూశాను ఆ తిరుగుడు! అటే దూకాను. నాకు తెలుసని ఆమెకీ తెలుసు. అయినా వైపు మార్చలేదు. బంతి నా గ్లవ్స్ కొసల్ని రాసుకుంటూ లోపలికి పోయింది.

నేను గడ్డిలో బోర్లా పడి ఉన్నాను. నిజం చెప్తాను, నాకు సంతోషమేసింది. తల తిప్పి ఎదురుచూశాను. ఇప్పుడు వంగుతుంది, చప్పట్లు కొడుతుంది, నా చుట్టూ తిరుగుతుంది. ఇన్నాళ్ల పెంటంతా ఆ ఒక్క చుట్టుతో తుడిచిపెట్టుకు పోతుంది. నేను లేచి తిట్టడానికి తిట్టు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆమె వంగలేదు. తనని ఎత్తుకోబోయిన కొత్త టీము వాళ్లని ఆపింది. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు నా వైపు చూపించి, తల దించుకుంది. టీవీలో ఆ కుర్రాడు చేసినట్టే. మా బెంచీ వాళ్లు "సో క్లాసీ" అంటూ చప్పట్లు కొట్టారు. కెప్టెన్ అయితే లేచి నిలబడింది. గీత దగ్గర పాప రెండు చేతులూ ఎత్తి, తల్లి సంబరం చెయ్యడం లేదని చూసి, అలాగే ఆగిపోయింది.

మర్యాద బయటివాళ్లకి చేస్తారు. ఇంట్లోవాళ్ల మీద గెలిస్తే ఎగురుతారు, వెక్కిరిస్తారు, నెత్తి మీద మొట్టుతారు. నా మీద గోల్ కొట్టి ఆమె నాకు మర్యాద చేసింది.

"ఆడతానన్నావు కదే!" అని అరిచాను, మోకాళ్ల మీదికి లేచి. "ఆడు!"

ఆమె విన్నది. చూసింది. తల అడ్డంగా ఊపింది. "వద్దక్కా" అంది.

అప్పుడు నేను లేచాను. వంగాను. ఆమె నేర్పినట్టే చప్పట్లు కొట్టాను, ఒక అడుగు పక్కకి వేశాను, మళ్లీ వంగాను. గోల్‌కీపర్ గ్లవ్స్ మందం, అవి వేసుకుని ఎంత గట్టిగా కొట్టినా చప్పుడు రాదు. మావాళ్లు నాకు నడుం పట్టిందనుకున్నారు. రిఫరీ దగ్గరికొచ్చి బాగానే ఉన్నారా అని అడిగాడు.

ఆమె అప్పటికే అటు తిరిగి వాళ్ల సగంలోకి నడుస్తోంది. మోచేత్తో ముఖం తుడుచుకుంది. నేను వలలోంచి బంతి తీసి మధ్యగీత వైపు విసిరాను.